హాజరులో పేరు లేని పిల్ల: టీసీ, డ్రాప్ బాక్స్ గొడవ అసలేంటంటే

పోయిన జూలైలో మా మేనకోడలు పదకొండు రోజులు బడికెళ్లింది. హాజరు పట్టీలో మాత్రం ఒక్క రోజు కూడా లేదు. ఎనిమిదో క్లాసు. పొద్దున్నే రెండు జడలేసుకుని, హైదరాబాద్ బడి యూనిఫారమే తొడుక్కుని (ఇక్కడి యూనిఫారం పేరు ఎక్కాకే ఇస్తారట) వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చునేది. క్లాసు టీచర్ మంచావిడే, కూర్చోమన్నారు, నోట్సు రాసుకోమన్నారు. పేర్లు పిలిచేటప్పుడు మాత్రం ముప్పై నాలుగో నంబరు దగ్గర ఆగిపోయేవారు. మధ్యాహ్నం భోజనాల వేళకి "నువ్వు క్యారేజీ తెచ్చుకో అమ్మా, నీ పేరు ఇంకా ఎక్కలేదుగా" అన్నారట. ఇదంతా నాకు తెలిసింది వారం పోయాక, అదీ తనేదో ఫిర్యాదు చేద్దామని చెప్పలేదు. "మావయ్యా, డ్రాప్ బాక్స్ అంటే ఏంటి? నన్ను అందులోంచి తియ్యాలంట" అని అడిగింది.

డ్రాప్ బాక్స్ అంటే ఏంటో అప్పటికి నాకూ తెలీదు. తెలుసుకోవడానికి నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు (మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ) మీద నాలుగుసార్లు దాటాను, ఇద్దరు మాస్టార్లని, ఒక ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసు ఉద్యోగిని విసిగించాను, చట్టం తెచ్చుకుని చదివాను. ఇలాంటి తిరుగుడు తిరుగుతున్నవాళ్లు నాకు ఈ ఏడాది కాలంలో కనీసం అరడజను మంది తగిలారు కాబట్టి తెలిసింది రాసి పెడుతున్నాను.

ముందు మా చెల్లి సంగతి. బావ కువైట్‌లో ఉంటారు. హైదరాబాద్‌లో అద్దెలు కట్టలేక తను పిల్లని తీసుకుని వసిష్ఠ గోదారికి అవతల ఒడ్డున ఉన్న అత్తగారి ఊరొచ్చేసింది. హైదరాబాద్ ప్రైవేటు బడిలో ఒక టర్మ్ ఫీజు బాకీ ఉంది, అది కడితేగానీ టీసీ (బడి మారేటప్పుడు పాత బడి ఇచ్చే బదిలీ పత్రం) ఇవ్వం అన్నారు. ఇక్కడి హైస్కూలు ఆఫీసుకి ఐదుసార్లు వెళ్లింది. ఐదుసార్లలో ఒక్కసారి కూడా "చేర్చుకోం" అని ఎవరూ అనలేదు. మన గోదారి వాళ్ల మర్యాదతో వచ్చే చిక్కే ఇది. మనవాళ్లు కాదనరు. "ఆయ్, చేసేద్దామండి" అంటారు. "దానికేముందండి, టీసీ ఒక్కటి తెచ్చేసుకోండి" అంటారు. "హెచ్ఎం గారు మీటింగుకెళ్లారండి, సోమవారం రండి" అంటారు. సోమవారం వెళ్తే సర్వర్ ఉండదు. కసిరి పంపితే ఎదురు తిరుగుతాం, కుర్చీ వేసి, ఎండన పడి వచ్చారు కాస్త మంచినీళ్లు తాగండి అని పంపితే ఏం చేస్తాం? ఆటో దిగి ఇంటికొచ్చాకగానీ పని జరగలేదని తట్టదు. పైగా కాదన్నట్టు ఎక్కడా రుజువు ఉండదు. రేపు ఎవరైనా అడిగితే "మేం వద్దనలేదే, ఆవిడే కాగితాలు తేలేదు" అనేస్తారు, అదీ అబద్ధం కాదు.

ఈ గొడవలో మూడు విషయాలున్నాయి. ఆఫీసు గదిలో మూడింటినీ ఒకటే ముద్ద చేసి మాట్లాడతారు. పిల్ల క్లాసులో కూర్చుని చదువుకోవడం ఒకటి. టీసీ అనే కాగితం ఒకటి. కంప్యూటర్‌లో పిల్ల పేరు పాత బడి నుంచి కొత్త బడికి మారడం ఇంకోటి. మూడోది జరగాలంటే రెండోది కావాలి, రెండోది లేందే మొదటిది లేదు అన్నట్టు గుమస్తా గారు వరస కడతారు. చట్టంలో ఆ వరస లేదు.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా వర్తిస్తుంది. అందులో సెక్షన్ 5 అచ్చంగా ఈ బడి మారే పిల్లల కోసమే రాశారు. పిల్ల ఏ కారణం చేతైనా ఒక బడి నుంచి ఇంకో బడికి, రాష్ట్రం లోపలైనా బయటికైనా, మారాల్సి వస్తే మారే హక్కుంది. పాత బడి హెడ్మాస్టరు వెంటనే టీసీ ఇవ్వాలి. ఇక అసలు మాట: టీసీ రావడం ఆలస్యమైందని కొత్త బడి వాళ్లు ప్రవేశాన్ని ఆలస్యం చేయడానికిగానీ, నిరాకరించడానికిగానీ వీల్లేదు. ఇది ఉపసెక్షన్ 3 కింద ఉంది. టీసీ ఆపిన హెడ్మాస్టరు మీద సర్వీసు నిబంధనల కింద క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చని కూడా దాని కిందే ఉంది.

చదివితే ఇంత సూటిగా ఉంది కదా, మరి ఆఫీసులో ఎందుకు నడవదు? ఒక కారణం, ఈ హక్కుకి హద్దులున్నాయి, ఆ హద్దులు సగం తెలిసినవాళ్లు మిగతా సగాన్ని కూడా కొట్టిపారేస్తారు. ప్రభుత్వ బడి, జిల్లా పరిషత్ బడి, ఎయిడెడ్ బడి లాంటి వాటిలోకి మారేటప్పుడే ఈ సెక్షన్ పనిచేస్తుంది. ప్రభుత్వ సాయం లేని ప్రైవేటు బడిలోకి, నవోదయ, కేంద్రీయ విద్యాలయాల్లోకి మారడం ఈ హక్కు కింద రాదు. మా పిల్ల వెళ్తున్నది ప్రైవేటు నుంచి జెడ్పీ హైస్కూలుకి కాబట్టి మాకు నిక్షేపంగా వర్తిస్తుంది. అదే తిరగేసి, జెడ్పీ నుంచి భీమవరం కార్పొరేట్ బడికి వెళ్తూ సెక్షన్ 5 చూపిస్తే వాళ్లు నవ్వి ఊరుకుంటారు, నవ్వినా తప్పు లేదు.

రాష్ట్రం దాటడం గురించి కూడా ఒక మాట. "తెలంగాణ టీసీ కదండీ, అక్కడి అధికారి కౌంటర్ సంతకం కావాలి" అన్నారు మాకు. ఈ అలవాటు పాతదే, ఉన్నదే. కానీ ఆ సంతకం వచ్చేదాకా పిల్లని బయట ఉంచమని ఎక్కడా లేదు, చట్టంలో రాష్ట్రం లోపలైనా బయటైనా అని స్పష్టంగానే రాశారు. హైదరాబాద్ అంటే దూరం. ఎదుర్లంక సంగతి చూడండి. బాలయోగి వారధి ఇటు దిగితే ఎదుర్లంక, ఆంధ్రప్రదేశ్. అటు దిగితే యానాం, పుదుచ్చేరి. యానాంలో చదివే పిల్ల అమ్మమ్మ ఊరు ఎదుర్లంక వచ్చి బడిలో చేరాలంటే కాగితాల లెక్కలో రాష్ట్రం మారినట్టే, సైకిలు మీద మాత్రం పావుగంట. మన డెల్టాలో ఇలాంటి హద్దులు నీళ్ల మీద గీసినట్టుంటాయి, కాగితం మీద మాత్రం గట్టిగా ఉంటాయి.

ఇప్పుడు డ్రాప్ బాక్స్. దేశంలో ప్రతి బడికీ యూడైస్ (బడుల వివరాలన్నీ ఉండే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ లెక్క) కింద పదకొండు అంకెల కోడు ఉంటుంది. మన రాష్ట్రం బడులవి 28తో మొదలవుతాయి, తెలంగాణవి 36తో. ఇది వరకు బడిలో ఎంతమంది పిల్లలున్నారో సంఖ్య రాసి పంపితే సరిపోయేది. 2022–23 నుంచి ఒక్కో పిల్ల పేరు విడివిడిగా యూడైస్ ప్లస్‌లో ఎక్కించడం మొదలుపెట్టారు. ప్రతి పిల్లకీ పెన్ అని పదకొండు అంకెల శాశ్వత నంబరు ఇచ్చారు. ఒక పిల్ల ఒకే బడి ఖాతాలో ఉండాలి. బడి వదిలితే పాత బడి వాళ్లు తమ లాగిన్‌లోంచి పిల్ల వెళ్లిపోయిందని నమోదు చేయాలి, అప్పుడు ఆ పేరు డ్రాప్ బాక్స్ అనే చోట పడుతుంది. కొత్త బడి వాళ్లు పెన్ నంబరు, పుట్టిన తేదీ కొట్టి అందులోంచి తమ ఖాతాలోకి లాక్కుంటారు. పంటు లెక్కే. అవతలి రేవులో తాడు విప్పితేగానీ ఇవతలికి రాదు. మా పిల్ల విషయంలో హైదరాబాద్ వాళ్లు తాడు విప్పలేదు. అంటే అది డ్రాప్ బాక్స్‌లో ఇరుక్కోలేదు, అసలు డ్రాప్ బాక్స్‌లోనే పడలేదు. గుమస్తా గారు పిల్లకి చెప్పింది తిరగేసి చెప్పారన్నమాట.

అవతలివాళ్లు విప్పకపోతే కొత్త బడి చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. కొత్త బడి లాగిన్‌లోంచే పాత బడికి, ఈ పిల్లని విడుదల చేయండి అని అభ్యర్థన పంపే వీలు ఆ పోర్టల్‌లోనే ఉంది. ఇది అందరికీ తెలిసినట్టు లేదు, తెలిసినవాళ్లకి ఓపిక లేదు. మా గుమస్తా గారికి ఆ మెనూ ఎక్కడుందో చూపించింది మండల ఆఫీసులో ఎంఐఎస్ (ఆన్‌లైన్ లెక్కలు) చూసే కుర్రాడు, అదీ ఫోన్లో, "కింద మూడో గీత నొక్కండి సార్, కాదు సార్, దాని కిందది" అంటూ.

మరి ఇంత చిన్న పనికి ఆఫీసు వాళ్లు ఎందుకు వెనకాడతారు? బద్ధకం అని తేల్చేయొచ్చు, నేనూ మొదట అదే అనుకున్నాను. నాలుగు రోజులు ఆ గదిలో బల్ల మీద కూర్చున్నాక కొంచెం మారింది నా అభిప్రాయం, మొత్తం కాదు. ఆ గదిలో రెండు ఇనప బీరువాలు, ఒక కంప్యూటర్, దాని మీద కప్పిన పాత టవలు, ఒకే ఒక్క మనిషి. జీతాల బిల్లులు ఆయనే, కిట్ల లెక్క ఆయనే, మధ్యాహ్న భోజనం బియ్యం లెక్క ఆయనే, పిల్లల ఆధార్ తప్పులు ఆయనే. ఒకే పిల్ల రెండు బడుల్లో కనిపిస్తే జిల్లా నుంచి ఫోనొస్తుంది. హాజరు పట్టీలో పేరుండి కంప్యూటర్‌లో లేకపోతే, రెండు లెక్కలు కలవలేదని ఇంకో ఫోనొస్తుంది. పిల్లని బయట నిలబెడితే మాత్రం ఏ ఫోనూ రాదు. భయం ఎటువైపు ఉంటే మనిషి అటు నుంచి తప్పుకుంటాడు, ఆయనా అంతే.

నాకు విడ్డూరంగా తోచింది ఇంకోటి. వేసవిలో ఇదే బడి మాస్టార్లు ఇల్లిల్లూ తిరిగి, మా బడికి పంపండి, ఇంగ్లీషు మీడియం ఉంది, పుస్తకాలు ఇస్తాం, భోజనం పెడతాం అని అడిగారు. పిల్లలు తగ్గితే పోస్టులు తగ్గుతాయని వాళ్ల బెంగ వాళ్లది. జూన్ 12న బడి తెరిచాక, పిలవకుండానే ఒక పిల్ల నడిచొస్తే, ఆఫీసు గది వెనక్కి తిప్పుతుంది. పిలిచేవాళ్లు వేరు, రాసుకునేవాళ్లు వేరు, వాళ్లిద్దరూ ఒకే వరండాలో ఉన్నా ఈ విషయం మాట్లాడుకోరు.

భోజనం సంగతి మాత్రం నేను తేలిగ్గా వదల్లేను. మన రాష్ట్రంలో బడి భోజనానికి 2024 నుంచి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆవిడ ఎక్కడి మనిషి? ఈ లంకల మనిషే, లంకల గన్నవరం. 1909లో పోయారు. ఏరు దాటి వేళకాని వేళ వచ్చిన బాటసారికి కులం అడక్కుండా, ఊరు అడక్కుండా విస్తరేసిన తల్లి అని ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆవిడ పేరు మీద వండిన అన్నం దగ్గర, ఆవిడ ఊరున్న కోనసీమలోనే, పదమూడేళ్ల పిల్లని నీ పేరు ఎక్కలేదు క్యారేజీ తెచ్చుకో అన్నారు. ఎనిమిదో తరగతి దాకా ప్రభుత్వ బడి పిల్లలకి మధ్యాహ్న భోజనం 2013 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం హక్కు కూడా. వండే ఆవిడ మాత్రం నాలుగో రోజు నుంచి పిల్లని పిలిచి కోడిగుడ్డు చేతిలో పెట్టేదట. ఆవిడ దగ్గర ఏ లాగినూ లేదు.

కంప్యూటర్‌లో పేరు ఎక్కకపోయినా ఫర్వాలేదు అని నేను అనడం లేదు. అది కూడా కావాలి, దాని వెనక డబ్బు ఉంది. 2025 జూన్‌లో తల్లికి వందనం (పిల్లల్ని బడికి పంపే తల్లులకి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే డబ్బు) వేసినప్పుడు పిల్ల ఒక్కరికి 15,000 లెక్కగట్టి, అందులో 2,000 బడి నిర్వహణకి ఉంచి, 13,000 తల్లి ఖాతాలో వేశారు. అలాంటివన్నీ ఆన్‌లైన్ లెక్కల్లో పేరున్న పిల్లలకే. కాబట్టి పేరు మారే పనిని వెంటాడాల్సిందే. కానీ అది రెండు ఆఫీసులు తేల్చుకోవాల్సిన పని, దానికి మూడు వారాలు పట్టినా పిల్ల చదువు ఆగకూడదు. మా చెల్లి కూడా మొదట్లో ఈ రెండింటినీ కలిపేసుకుని, "అన్నయ్యా, ఆన్‌లైన్ కాకుండా చేరిస్తే డబ్బులు పోతాయేమో, వాళ్లు చెప్పినట్టే ఆగుదామా" అంది. ఆగితే రెండూ పోతాయి.

ఫీజు బాకీ గురించి కొంచెం నిష్ఠూరంగా మాట్లాడుకుందాం. బాకీ ఉన్న మాట నిజం. టీసీకీ దానికీ సంబంధం లేదు అన్నంత మాత్రాన బాకీ మాఫీ అయిపోదు. అది తల్లిదండ్రులకీ యాజమాన్యానికీ మధ్య డబ్బు వ్యవహారం, వసూలు చేసుకోవడానికి వాళ్లకి వేరే దార్లున్నాయి, పిల్ల కాగితాన్ని తాకట్టు పెట్టుకోవడం అందులో ఒకటి కాదు. అయితే చట్టంలో కోరలు ఇక్కడ కాస్త మొద్దుబారాయని ఒప్పుకోవాలి. సర్వీసు నిబంధనల కింద చర్య అనే బెదిరింపు ప్రభుత్వ హెడ్మాస్టరుకి తగిలినట్టు ప్రైవేటు ప్రిన్సిపాల్‌కి తగలదు. అక్కడ పనిచేసేది ఆ మండలం ఎంఈఓకీ, ఆ జిల్లా డీఈఓ (జిల్లా విద్యాధికారి)కీ పెట్టే ఫిర్యాదు, ఎందుకంటే బడి గుర్తింపు వాళ్ల చేతుల మీదుగా నడుస్తుంది. అదీ హైదరాబాద్ వాళ్లకే పెట్టాలి. రాజోలు ఎంఈఓ గారు ఎంత మంచివారైనా హైదరాబాద్ ప్రిన్సిపాల్‌ని ఏమీ చెయ్యలేరు. మేం రాసిన ఉత్తరంలో బాకీ ఒప్పుకున్నాం, మూడు విడతల్లో కడతామన్నాం, టీసీనీ ఆన్‌లైన్ విడుదలనీ దానితో ముడిపెట్టొద్దని అడిగాం, కింద ఎంఈఓకి కాపీ అని రాశాం. బాకీ ఎగ్గొట్టడానికి చట్టం మాట్లాడుతున్నారు అనే మాట వాళ్ల నోట్లోంచి రాకుండా చూసుకోవడం ముఖ్యం అనిపించింది.

ఆధార్ దగ్గర ఇంకో పీటముడి. మన జిల్లాల పేర్ల సంగతి తెలిసిందే, వెంకట నాగ సత్య అంటూ నాలుగు పేర్లు, ముందు ఇంటిపేరు. బడి రికార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో మొత్తం ఇంటిపేరు, స్పెల్లింగులో ఒక అక్షరం అటూ ఇటూ. పేరు కలవలేదు, సరిచేయించుకుని రండి అంటారు. సరిచేయించుకోవాల్సిందే, ఐదేళ్లకీ పదిహేనేళ్లకీ వేలిముద్రలు మళ్లీ ఇవ్వాలి కాబట్టి ఎలాగూ ఆధార్ కేంద్రానికి వెళ్లక తప్పదు. కానీ అది అయ్యేదాకా చేర్చుకోం అనడానికి లేదు. 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు ఆధార్ తీర్పులో బడి ప్రవేశానికి ఆధార్ తప్పనిసరి చేయకూడదని చెప్పింది. అలాగే పుట్టిన తేదీ పత్రం లేదని కూడా చేర్చుకోకుండా ఉండకూడదు, విద్యాహక్కు చట్టం సెక్షన్ 14 అది. జనన ధ్రువపత్రం లేకపోతే అంగన్‌వాడీ రికార్డో, ఏఎన్ఎం రిజిస్టరో, తల్లిదండ్రుల ప్రమాణ పత్రమో వయసుకి సరిపోతుంది. జూలై దాటిపోయింది, ఆలస్యంగా వచ్చారు అన్నా అంతే, సెక్షన్ 15. పరీక్ష పెట్టి చూస్తాం, తెలుగు రాకపోతే ఏడులో వేస్తాం అన్నా అంతే, ప్రవేశానికి వడపోత పరీక్ష పెట్టడం సెక్షన్ 13 కింద జరిమానా పడే తప్పు, మొదటిసారి 25,000 దాకా.

మా చెల్లి పక్కింటి కుర్రాడిది వేరే చిక్కు. వాళ్లమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది, నాన్న లేడు, అమ్మమ్మ దగ్గర ఉంటాడు. కోనసీమలో ఇలాంటి ఇళ్లు వీధికొకటి ఉంటాయి. తల్లి వచ్చి సంతకం పెట్టాలి అన్నారు ఆఫీసులో. రెండేళ్ల కాంట్రాక్టు మీద ఉన్న మనిషి సంతకం పెట్టడానికి వస్తుందా? చట్టంలో సంరక్షకుడు అనే మాటకి అర్థం రాసే ఉంది, పిల్లాడి ఆలనాపాలనా ఎవరి చేతిలో ఉంటే వాళ్లు. అమ్మమ్మ వేలిముద్ర చాలు. ఆవిడకి ఆ ముక్క చెప్పినవాళ్లు లేక, పాపం, ప్రతిసారీ ఫోన్లో కూతుర్ని కలిపి గుమస్తాకి ఇచ్చేది, అక్కడ ఆ అమ్మాయి యజమానురాలికి కనపడకుండా వంటింట్లోంచి గుసగుసగా మాట్లాడేది.

తొమ్మిది, పది తరగతులకి ఈ చట్టం అక్కరకి రాదు, ఎనిమిదితో ఆగిపోతుంది. అక్కడ టీసీ నిజంగానే కావాలి, ముఖ్యంగా పదిలో. బోర్డుకి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితాలు) వెళ్లిపోయాక బడి మారడం అంటే చాలా కష్టం, కాబట్టి పదో తరగతి పిల్లలున్నవాళ్లు మారేదేదో జూన్‌లోనే మారిపోండి. పది సర్టిఫికెట్‌లో పడిన పేరూ పుట్టిన తేదీ జన్మంతా వెంటాడుతాయి కాబట్టి ఆ రోల్స్ వెళ్లేముందు ఒకసారి కళ్లతో చూసుకోండి. ఇంటర్ సంగతి బోర్డు నిబంధనలు, అది వేరే పురాణం.

ఇక మేం ఏం చేశామో. ఆరోసారి వెళ్లేటప్పుడు మాట్లాడ్డానికి వెళ్లలేదు, కాగితం ఇవ్వడానికి వెళ్లాం. తెల్లకాగితం మీద చేత్తో రాసింది, రెండు కాపీలు. అందులో ఉన్నది ఇంతే: "నా కుమార్తె ఏడో తరగతి వరకు హైదరాబాద్‌లో చదివినది. నివాసం మారినందున మీ పాఠశాలలో ఎనిమిదో తరగతిలో చేర్చుకోవలసిందిగా ఫలానా తేదీ నుండి కోరుచున్నాము. టీసీ ఇంకా రాలేదు. విద్యాహక్కు చట్టం 2009 సెక్షన్ 5(3) ప్రకారం టీసీ ఆలస్యం ప్రవేశం ఆపుటకు కారణం కాదు గనుక, అడ్మిషన్ రిజిస్టరులో నమోదు చేసి హాజరు వేయవలసిందిగా మనవి. వీలుకాని పక్షంలో కారణం రాతపూర్వకంగా తెలియజేయగలరు."

బలమంతా ఆ ఆఖరి వాక్యంలో ఉంది. నోటితో వందసార్లు రేపు రమ్మనగలిగిన మనిషికి, ఎందుకు చేర్చుకోవడం లేదో ఒక్కసారి రాసి సంతకం పెట్టడం మా చెడ్డ కష్టం. గుమస్తా గారు కాగితం చదివి, "ఇది ఎందుకండీ, మనలో మనకి" అన్నారు. చెల్లి నా వైపు చూసింది. "రికార్డుకండి, మీకూ మంచిదే, రేపు జిల్లా వాళ్లు అడిగితే చూపించుకోవచ్చు" అన్నాను. ఆ మాటకి ఆయన ముఖంలో కొంచెం వెలుగొచ్చిన మాట నిజం. ఇన్‌వార్డ్ రిజిస్టర్ (ఆఫీసుకి వచ్చిన కాగితాలు రాసుకునే పుస్తకం) తీసి నంబరు వేశారు, మా కాపీ మీద అదే నంబరు, తేదీ, రబ్బరు స్టాంపు. తీసుకోము అంటే స్పీడ్ పోస్టులో పంపుదామని కవరు కూడా తీసుకెళ్లాను, దాని అవసరం రాలేదు.

హెచ్ఎం గారు ఆ రోజు ఉన్నారు. పెద్దాయన, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నట్టున్నారు. చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "తప్పేం లేదండి ఇందులో. నాకు ఇన్నాళ్లూ ఈ పిల్ల సంగతే తెలీదు" అన్నారు. తెలీదంటే నమ్మాలా వద్దా అని నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. పదకొండు రోజులు ఆయన గది ముందు నుంచే వేరే రంగు యూనిఫారంలో నడిచింది పిల్ల. సరే. అడ్మిషన్ రిజిస్టర్ తెప్పించి, కొత్త నంబరు వేయించి, రిమార్కుల గడిలో ఎర్ర సిరాతో టీసీ రావలెను అని రాయించారు. అంతే పని. ఆరు నిమిషాలు పట్టింది. హైదరాబాద్ బడికి విడుదల అభ్యర్థన అదే మధ్యాహ్నం వెళ్లింది, అది తేలడానికి మాత్రం ఇంకో మూడు వారాలు, రెండు ఫోన్లు, ఒక విడత ఫీజు పట్టాయి.

ఇలా జరగకపోతే ఏం చేసేవాళ్లం? ఎంఈఓకి ఆ కాపీ జత చేసి ఫిర్యాదు, అక్కడా కదలకపోతే సోమవారం అమలాపురం కలెక్టరేట్‌లో అర్జీ. విద్యాహక్కు చట్టం సెక్షన్ 32 కింద స్థానిక సంస్థకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే మూడు నెలల్లో తేల్చాలి, తేల్చిన తీరు నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి అప్పీలు ఉంది. మూడు నెలలంటే పిల్లకి ఒక టర్మ్ పోయినట్టే, అందుకే నేను దాన్ని మొదటి అస్త్రంగా తియ్యమని చెప్పను. సమాచార హక్కు కింద, ఫలానా ఇన్‌వార్డ్ నంబరు కాగితం మీద ఏం చర్య తీసుకున్నారు అని అడగడం ఇంకాస్త సులువు, 30 రోజుల్లో జవాబు రావాలి. ఏది చేసినా ఇన్‌వార్డ్ నంబరు అడుగుతారు. అది లేకుండా వెళ్తే "ముందు బడిలో ఇచ్చారా అమ్మా" అని మళ్లీ మొదటికే పంపుతారు.

మర్నాడు సాయంత్రం పిల్ల ఫోన్ చేసి, "మావయ్యా, ముప్పై ఐదు" అంది. ఏంటే అంటే, "నా నంబరు" అంది. గట్టిగా చెప్పలేక మెల్లిగా ప్రెజెంట్ అంటే, టీచర్ మళ్లీ చెప్పమన్నారట.

మొన్న సఖినేటిపల్లి రేవులో గుమస్తా గారు కనిపించారు. పంటు కోసం ఇద్దరం కొబ్బరిబోండాల ఆటో పక్కన నీడలో నిలబడ్డాం. ఏవో మాటలయ్యాక, "ఇంకో కుర్రాడొచ్చాడండి, బెంగళూరు నుంచి, టీసీ లేదు. వాళ్ల నాన్నకి ఏం రాయాలో తెలీట్లేదు. మీ కాగితం ఫొటో ఉంటే వాట్సాప్‌లో పెడతారా?" అన్నారు. అక్కడే నిలబడి పెట్టేశాను.